నూతినీళ్ళ పానకం

మామ్మ పెద్దకర్మ రోజు పొద్దున్న ఊరి మొగదల కట్టిన ఫ్లెక్సీని చించింది నేనే. బట్టలు కోసే కత్తెరతో, అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకి. ఎవరి పనో అని ఇంకా కూపీ లాగుతున్నవాళ్ళు ఆ శ్రమ మానుకోవచ్చు.

ఆ ఫ్లెక్సీలో మా వీరేంద్ర బాబాయి మొహం గుమ్మమంత ఉంది. పక్కన ఓ మూల, పోస్టుకార్డంత చోటులో మామ్మ. "భక్తశిరోమణి శ్రీమతి రత్నమాణిక్యం గారికి అశ్రునివాళి" అని కింద బంగారు రంగు అక్షరాలు. నివాళి ఇస్తున్న కొడుకు చేతులు జోడించి పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. వెనకటి ఎలక్షన్లప్పుడు దిగిన ఫోటో. వేరేది వెతికే తీరిక లేకపోయింది కాబోలు.

భక్తశిరోమణి అన్న మాటతో నాకు తగువు లేదు. ఆవిడ భక్తురాలే. నేను దేవుణ్ణి నమ్మను, ఆ సంగతి ఊరికి తెలుసు, మామ్మకి ఇంకా బాగా తెలుసు. తగువల్లా ఆ మాట అచ్చు వేయించిన మనిషితోనే. కర్మ భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ "చీమకి కూడా అపకారం చెయ్యని మనిషండీ" అన్నారు. చీమకి చెయ్యలేదు, నిజమే. మా బాబాయికి చేసింది. నిండు పందిట్లో, సీతారాముల ఎదురుగా, ఒక గ్లాసుడు పానకంతో చేసింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకని నేను రాస్తున్నాను.

మా ఊరు ఉంగుటూరు దాటాక కాలవ కింద. రామాలయం, దాని వెనక నుయ్యి, నూతికి ఆనుకుని మా నాలుగెకరాల చేను. ఒకప్పుడు ఊరంతా ఆ నుయ్యే తాగింది. పప్పు ఉడకాలంటే ఆ నీళ్ళే కావాలని పక్క ఊళ్ళవాళ్ళు కూడా బిందెలేసుకుని వచ్చేవారు. తరవాత బాబాయి కైకలూరు వ్యాపారితో పొత్తు కలిసి మా చేను పక్క భూములన్నీ కౌలుకి తీసుకున్నాడు. వరి చేల మధ్య రొయ్యల చెరువులు తవ్వించాడు. రొయ్యకి ఉప్పునీళ్ళు కావాలి. లోతుకి బోర్లు దింపి ఆ ఉప్పునీళ్ళు పైకి లాగాడు. చెరువుకి గట్టుంటుంది గానీ ఊటకి గట్టెక్కడుంటుంది? ముందు మా చేను అంచున వరి ఎర్రబడింది. తరవాత నుయ్యి ఉప్పు తిరిగింది.

ఊరు టిన్ను నీళ్ళలో పడింది. తాడేపల్లిగూడెం నించి ఆటోలో నీలం టిన్నులు దిగేవి. ఆలోపల బాబాయి రామాలయం కమిటీకి ప్రెసిడెంటయ్యాడు. అయిన వారానికే స్వామివారి అభిషేకానికీ వంటకీ రోజూ టిన్ను నీళ్ళు తన ఖర్చుతో ఇస్తానని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. నూతిని పాడుచేసినవాడు దేవుడికి నీళ్ళు దానం చేస్తుంటే చప్పట్లు కొట్టిన ఊరండీ మాది!

నేను ఊరుకోలేదు. ఇంటరు మధ్యలో వదిలేసి కుట్టుమిషను తొక్కుకునేదాన్ని. చట్టాలు ఎవరూ నేర్పలేదు, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నాను. ఆటోకి మైకు కట్టి ఊళ్ళంట తిరిగాను, ఏలూరు వెళ్ళి ధర్నాలో కూర్చున్నాను, చెరువు గట్టున పొక్లెయినుకి అడ్డంగా పడుకున్నాను. బాబాయి నన్ను "నాయకురాలా" అని పిలవడం మొదలుపెట్టాడు. పదిమందిలో, "ఏమ్మా నాయకురాలా, ఇవాళ ఎవర్ని దింపేస్తున్నావ్?" అనేవాడు.

మామ్మ మాత్రం తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకునేది, తులసికోట దగ్గర దీపం పెట్టేది, తడిచీర ఆరకుండానే గుడికి పోయి వాకిలి చిమ్మేది. రాముడితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. "ఏమయ్యా, నిన్న ఉక్కపోతకి నిద్రపట్టిందా?" అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది.

ఓరోజు అన్నాను. "మామ్మా, నువ్వు పెట్టిన దీపాలకి ఒక్క చెరువైనా పూడిందా?"

"నువ్వు పెట్టిన కేకలకి పూడిందా?"

"పూడలేదు. కానీ నేను ప్రయత్నం చేస్తున్నాను కదా."

"నేనూ చేస్తున్నాను. నాది నాకుంది, నీది నీకుంది. అన్నం తిని పో, గొంతు పోయింది నీకు."

ఇదంతా అంతకుముందు జరిగిన గొడవ. అసలు కథ నిరుడు నవమిది.

మా ఊళ్ళో నవమి కల్యాణానికి తలంబ్రాల బియ్యం రోట్లో దంచరు, మరలో ఆడించరు. గింజగింజా గోటితో ఒలుస్తారు. ఆ వడ్లు గుడి వెనక చేలో పండినవే కావాలి, అంటే మావే. ఫాల్గుణంలో మా అరుగు మీద ఆడవాళ్ళంతా చేరి చాటలు ముందేసుకుని కూర్చుంటారు. గోరు పెట్టి పొట్టు తీస్తారు, గింజ విరిగితే పక్కన పడేస్తారు, రామనామం మధ్యలో ఊళ్ళో కబుర్లన్నీ అయిపోతాయి. నిరుడు కూడా కూర్చున్నారు. నేను పక్కనే మిషను మీద రవికె కుడుతున్నాను.

కిరాణా కొట్టు రత్నాంబ గారు గింజ పట్టుకుని నొక్కారు. పొట్టు విడిపోయింది, లోపల ఏమీ లేదు. ఇంకోటి నొక్కారు. అదీ అంతే.

"పిన్నిగారూ, ఇవి వడ్లా, ఊకా అండీ? నా చాటలో అన్నీ పొల్లే."

"నా చాటలోనూ అంతేనండీ" అంది ఇంకో ఆవిడ. "రాముడి పెళ్ళికి ఊక పోస్తే సీతమ్మ ఊరుకుంటుందా?"

నవ్వారు. మామ్మ నవ్వలేదు. పొల్లు గింజలు పారెయ్యకుండా ఒక పళ్ళెంలో విడిగా పోసింది. ఎందుకు మామ్మా అంటే, "ఉండనీవే, ఇందులోనూ గట్టివి ఉంటాయి" అంది.

అప్పుడే బాబాయి బండి ఆగింది. వెనక మా నాన్న సత్తిబాబు దిగాడు. నాన్న మొహం చూస్తేనే నాకు అర్థమైంది. రెండు దాళ్వా పంటలు వరసగా దెబ్బతిన్న మనిషి మొహం ఎలా ఉంటుందో మా నాన్న మొహం అలా ఉంది. చేను నాన్న వాటాలోది. తమ్ముడు ఏడాదిగా చెవిలో జోరీగలా చెరువు, చెరువు అంటున్నాడు.

బాబాయి అరుగు మీద కూర్చుని మామ్మ చాటలోంచి గింజ తీసుకుని పంటితో కొరికాడు.

"ఒరేయ్, అవి స్వామివారివి. ఎంగిలి చెయ్యకు" అంది మామ్మ.

"స్వామివారి మాటేనమ్మా నేనూ చెబుతోంది. నవమినాడు మా పొత్తుదారు హేమంత్‌కుమార్ గారు వస్తున్నారు, కైకలూరు నించి. కల్యాణం అయ్యాక పందిట్లోనే అన్నయ్యా ఆయనా తాంబూలాలు పుచ్చుకుంటారు. గుడి వెనక చేను చెరువు చేసేద్దాం. ఏమన్నయ్యా?"

నాన్న తల ఊపాడు. ఊపాడో, దించుకున్నాడో.

మిషను ఆపేశాను. "నాన్నా, ఆ చేను కూడా తవ్వితే నూతి చుట్టూ నాలుగువైపులా ఉప్పే!"

"ఇప్పుడేమన్నా తియ్యగా ఉందా ఏంటమ్మా నాయకురాలా?" అన్నాడు బాబాయి. "పాడైన నూతి కోసం అన్నయ్యని ఎండబెట్టేస్తావా? స్వామికి టిన్నులు నేనిస్తున్నానుగా."

నాన్న నా వంక చూడకుండా అన్నాడు. "పండని చేను పట్టుకుని నేను మాత్రం ఏం చేసేదే ఇందూ? నువ్వు చెప్పు."

చెప్పడానికి నా దగ్గర మైకులో చెప్పే మాటలు చాలా ఉన్నాయి. నాన్నకి చెప్పేది ఒక్కటీ దొరకలేదు.

మామ్మ గింజ ఒలుస్తూనే అడిగింది. "మరి తలంబ్రాల వడ్లు ఎక్కణ్ణించి వస్తాయిరా?"

"కొందామమ్మా. ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. ఒలిచినవే, తెల్లగా మల్లెపూవుల్లా ఉన్నాయి."

"గోటితో ఒలిచినవేనా?"

"ప్యాకెట్టు మీద అలాగే రాశారు."

రత్నాంబ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామ్మ మాత్రం కొడుకు వంక చూసి, "సరే నాయనా. నవమి రానీ" అంది.

అంతే. కేకలేస్తుందనుకున్నాను. తిండి మానేస్తుందనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టక పొర్లుతుంటే పక్క మంచం మీద మామ్మ గురక.

ఆ పదిరోజులూ ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. చేను పోతోంది, ఈవిడేమో పొల్లులోంచి గట్టి గింజలు ఏరి తలంబ్రాలు పోగేస్తోంది. బాబాయి పందిరి కొలతలు తీయిస్తున్నాడు. కొత్త తాటాకు, రంగు దీపాలు, ఇంతింత పెద్ద సౌండు బాక్సులు. హేమంత్‌కుమార్ గారి ఫోటోతో ఫ్లెక్సీ సరే సరి.

నవమి పొద్దున గిలక చప్పుడైంది. ఎన్నాళ్ళగానో ఎవరూ నీళ్ళు తోడని నూతి మీద తుప్పు పట్టిన గిలక. అది కీచుమంటుంటే నేను గుడి వెనక్కి పరిగెత్తాను. మామ్మ తడిచీరలో నిలబడి చేద లాగుతోంది. పక్కన ఇత్తడి గుండిగ. నవమి పానకం మా ఇంటి ఆనవాయితీ. తాతయ్య వాళ్ళ అమ్మగారి కాలం నించి పానకం మా ఇంటిది, వడపప్పు చలిమిడి రత్నాంబ గారి ఇంటివి. పానకానికి నీళ్ళు నూతిలోంచే తోడాలి, మడితో తోడాలి. నుయ్యి ఉప్పయ్యాక వచ్చిన మొదటి నవమికి, అంటే అంతకుముందు ఏడు, కమిటీ టిన్నులు పంపింది. ఆ ఏడు మామ్మకి జ్వరం, లేవలేదు. నిరుడు లేచింది.

పూజారి శ్రీరంగనాయకులు గారు పూలబుట్టతో వచ్చి ఆగిపోయారు.

"అమ్మా, ఇదేమిటండీ? టిన్నులు అదిగో, అరుగు మీద పెట్టించారు ప్రెసిడెంటు గారు."

"ఆ నీళ్ళు ఏ ఊరివండీ?"

"గూడెంవండి. అక్కడి ప్లాంటువి."

"అయితే స్వామిని కూడా గూడెం పంపించేద్దామాండీ?"

ఆయన గొంతు తగ్గించారు. "అది కాదమ్మా. ఈ నీళ్ళు నోట్లో పెట్టుకునేలా లేవు కదండీ. స్వామికి ఎలా నివేదన చేస్తాం చెప్పండి?"

మామ్మ చేద గుండిగలోకి వంచి నిటారుగా నిలబడింది. "ఆయన ఈ ఊళ్ళో ఉంటున్నాడా లేదాండీ? మా చేలో వడ్లతో పెళ్ళి చేసుకుంటాడు. మా వాళ్ళ భుజాల మీద ఊరేగుతాడు. ఊరికొచ్చిన నీళ్ళు ఆయనకి మాత్రం రాకూడదేమండీ? ఆయనకొక్కడికీ మంచినీళ్ళు కొనిపెట్టి, ఊళ్ళో ఏం జరుగుతోందో తెలియకుండా దాస్తున్నాం మనం. నా వల్ల కాదండీ. ఆయన దగ్గర నేనెప్పుడూ ఏదీ దాచలేదు."

శ్రీరంగనాయకులు గారు పూలబుట్ట కిందపెట్టి, గుండిగకి ఒకవైపు చెయ్యి వేశారు. ముసలావిడ ఒక్కతే మొయ్యలేదు కదా అన్నట్టు.

వంటశాలలో మామ్మ బెల్లం కొట్టింది, మిరియాలు నూరింది, యాలకులు వేసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మామ్మా, ఎంత బెల్లం వేసినా ఉప్పు తెలుస్తుంది."

"తెలుస్తుందా?"

"ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని చూడు."

"నైవేద్యం రుచి చూస్తారటే ఎక్కడైనా? ఆయన తాగాక మనం. పో, గ్లాసులు కడిగించు."

నేను గ్లాసులు కడిగాను. నా జీవితంలో దేవుడి పని మనసుపెట్టి చేసింది అదొక్కసారి.

కల్యాణం అయ్యింది. మామ్మ ఏరిన తలంబ్రాలు సీతారాముల తల మీద పడ్డాయి. ఎండ మండిపోతోంది, పందిరి కింద జనం విసనకర్రలతో, చీర చెంగులతో విసురుకుంటున్నారు. ముందు వరస కుర్చీల్లో హేమంత్‌కుమార్ గారు, బాబాయి, నాన్న. బల్ల మీద వెండిపళ్ళెంలో తాంబూలం. నైవేద్యం అయిందని గంట మోగింది. మామ్మ గరిట పట్టుకుని గుండిగ పక్కన నిలబడింది. ఎవరికీ ఇవ్వలేదు ఆ గరిట.

మొదటి గ్లాసు అతిథికి. హేమంత్‌కుమార్ గారు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. కైకలూరు నించి ఎండలో వచ్చిన మనిషి, ఒక్క గుక్కలో సగం తాగి ఆగిపోయారు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. ఎదురుగా పెళ్ళిపీటల మీద సీతారాములు, చుట్టూ ఊరు. ప్రసాదం ఎవరైనా ఉమ్ముతారా? కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు.

"ఎలా ఉందండీ?" అంది మామ్మ.

"చాలా... బాగుందండీ."

"ఇంకొంచెం పొయ్యమంటారా?"

"వద్దండి, వద్దండి. నాకు షుగరుందండి."

రెండోది బాబాయికి. గొంతులో దిగీ దిగగానే ఎర్రబడిపోయాడు. "అమ్మా! పానకంలో ఉప్పేశావా?"

మామ్మ గరిట గుండిగలో ముంచుతూ నెమ్మదిగా అంది. "ఉప్పు నేను వెయ్యలేదురా."

పూజారి గారి మైకు ఎదురుగానే ఉంది, ఆవిడ చూసుకోలేదు. ఆ మాట కాలవ అవతలి దాకా వినపడిందని తరవాత చెప్పారు.

"ఇవి... టిన్ను నీళ్ళు కావా?"

"మీ నాన్న తాగిన నీళ్ళే. నువ్వు పుట్టినప్పుడు నీకు పోసిన నీళ్ళే. తాగు నాయనా. కిందపెట్టకూడదు, ప్రసాదం."

తాగాడు. చివరి చుక్క దాకా తాగాడు, ఏం చేస్తాడు? కమిటీ ప్రెసిడెంటు.

తరవాత వరస కదిలింది. రత్నాంబ గారు వచ్చారు, కళ్ళకద్దుకున్నారు, తాగారు, గ్లాసు బోర్లించారు. వెనక ఇంకొకరు. ఇంకొకరు. ఏడాదికి పైగా ఆ ఉప్పు సంగతి అందరికీ తెలుసు, కానీ టిన్నుల చాటున ఎవరికి వాళ్ళు మర్చిపోయారు. ఆ రోజు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ మింగారు. నేను మూడేళ్ళు మైకులో అరిచినది గుటక గుటకగా దిగింది వాళ్ళకి.

నాన్న అందరికంటే ఆఖర్న లేచాడు. గ్లాసు తీసుకుని తాగాడు. అక్కణ్ణించి కదల్లేదు. ఖాళీ గ్లాసు మళ్ళీ మామ్మ ముందుకి చాపాడు.

"ఇంకొంచెం పొయ్యమ్మా."

మామ్మ పోసింది. నాన్న అదీ తాగాడు. మూతి తుడుచుకుని, హేమంత్‌కుమార్ గారి దగ్గరికెళ్ళి చేతులు జోడించాడు. "ఏమీ అనుకోకండి" అన్నాడు. తాంబూలం పళ్ళెం తీసుకెళ్ళి సీతారాముల పాదాల దగ్గర పెట్టేశాడు. సాయంత్రానికి ఆ తమలపాకులు అక్కడే వడిలిపోయాయి.

ఆ వేసవంతా బాబాయి మా గడప తొక్కలేదు. "కన్నతల్లే పరువు తీసింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన వైపు చుట్టాలు మా ఇంటికి రావడం మానేశారు. ఉగాదికి ఒక్క పొయ్యి మీద వండుకున్న ఇల్లు వైశాఖానికి రెండయింది. మామ్మ రోజూ గుడికి పోతూ చిన్నకొడుకు గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగేది, తలుపు తెరుచుకోకపోతే ముందుకి సాగేది. దానికి మాత్రం ఆవిడ ఏడ్చింది, నేను చూశాను. కానీ ఒక్కనాడూ తప్పు చేశానని అనలేదు.

ఒకసారి అడిగాను. "కావాలనే చేశావు కదూ మామ్మా?"

"నోరుముయ్యి. దేవుడి దగ్గర కావాలని చేసేదేముంటుందే? ఉన్నది పెట్టాను."

కాలవకి నీళ్ళు వదిలాక ఊరు ఊరంతా వచ్చి నూతికీ బాబాయి చెరువుకీ మధ్య బోదె తవ్వారు, ఉప్పు ఊట పక్కకి మళ్ళడానికి. నేను పిలవలేదు, మైకు కట్టలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. వానాకాలం సార్వాకి నాన్న గుడి వెనక చేను నాటాడు. పంట అద్భుతంగా పండిందని అబద్ధం రాయను. అంచున ఈసారీ ఎర్రబడింది. నడిమధ్య మాత్రం గింజ గట్టిపడింది. కొత్త వడ్లు ఇంటికొచ్చిన రోజు మామ్మ గుప్పెడు తీసి గోటితో ఒకటి నొక్కి చూసి, "నిండింది" అంది. పుష్యంలో పోయింది.

ఇప్పుడు మళ్ళీ నవమి వస్తోంది. మొన్న బాబాయి గుడి దగ్గర కొత్త మాట ఎత్తాడు. మా ఇంటికి ఏటిసూతకం కదా, ఈసారి పానకం మా ఇంట్లోంచి రాకూడదు, కమిటీయే టిన్ను నీళ్ళతో కలిపిస్తుంది అన్నాడు. తల్లి చావుని కూడా టిన్నులో పోసి మూత పెట్టేద్దామనుకున్నాడు.

నేను శ్రీరంగనాయకులు గారి దగ్గరికి వెళ్ళాను. గుళ్ళో అడుగుపెట్టలేదు, బయట నిలబడే అడిగాను. "సూతకం మాకుంటే వీరేంద్ర గారికీ ఉంది కదండీ? ఆయనా ఆవిడ కడుపునే పుట్టాడు. పీటల దగ్గర ప్రెసిడెంటుగా ఎలా కూర్చుంటాడు?"

"కూర్చోకూడదమ్మా" అన్నారాయన.

"మరి పానకం?"

ఆయన నూతి వైపు చూశారు. "సూతకం మీ ఇంటికమ్మా. నూతికి కాదు."

పక్కనే ఉన్న రత్నాంబ గారు కొంగు నడుముకి దోపుకున్నారు. "నేను తోడతానండీ. పిన్నిగారి గుండిగ నాకు పంపించవే ఇందూ" అన్నారు.

నిన్న గిలకకి నూనె పోశాను. చేదకి కొత్త తాడు కట్టాను. నుయ్యి ఇంకా ఉప్పగానే ఉంది, నేను రుచి చూశాను. నేను చూడొచ్చు, నాకు మడి లేదు.

బాబాయ్, నవమికి పందిరి బయట నిలబడు. మొదటి గ్లాసు నీకే పంపిస్తాం.